పురుగుకు విత్తనం కట్టింది మనమే

పిల్లలూ,

వినాయక చవితికి వచ్చిన మా మనవరాలు పత్తి చేను గట్టు మీద నిలబడి, "తాతయ్యా, నాలుగుసార్లు మందు కొట్టారు కదా, ఇంకా పురుగు ఎందుకుంది?" అని అడిగింది. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

మా నాయనమ్మ మక్క కంకులన్నీ వాకిట్లో పోయించి, గింజ నిండుగా ఉన్నవి ఏరి, పొట్టు వెనక్కి మడిచి జడలా అల్లి దూలానికి కట్టేది. వచ్చే ఏడాదికి అవే విత్తనం. ఒకసారి ఆకలేసి అందులో ఒకటి కాల్చుకు తిన్నాను. ఆమె కొట్టలేదు గానీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. విత్తనం తినకూడదు నాన్నా, ఎప్పుడూ.

మందు కొట్టినప్పుడూ ఇలా విత్తనం ఏరడమే జరుగుతుంది. చాలా పురుగులు చస్తాయి, విషానికి తట్టుకున్న నాలుగు మిగులుతాయి, తర్వాత చేనంతా వాటి పిల్లలే. ఇంకా ఘాటైన మందు కొడితే వాటిలోనూ మొండివి మిగులుతాయి. "పురుగుకు మందు అలవాటైంది" అంటారు, కానీ అది అలవాటు కాదు. నాయనమ్మ కంకులు ఏరినట్టు మనమే మొండి పురుగును ఏరి ఏటేటా దూలానికి కట్టాం. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తిని లద్దె పురుగు తినేస్తే, మందుల అప్పు తీరక ఎన్నో ఇళ్లల్లో దీపాలు ఆరిపోయాయి. 2002లో బీటీ పత్తి వచ్చింది, మొక్కలోనే పురుగును చంపే గుణం ఉంటుందన్నారు. గులాబీ రంగు పురుగు కొన్నేళ్లకు దాన్నీ తట్టుకుంది.

పైగా ఆ మందుకు సాలీడు, అక్షింతల పురుగు కూడా చస్తాయి. అవి పురుగును తినే మనవాళ్లు! మా చిన్నప్పుడు కంది చేలో కింద దుప్పటి పరిచి మొక్కల్ని ఊపితే పచ్చపురుగులు జలజలా రాలేవి, వాటిని కోళ్లకు వేసేవాళ్లం. ఖమ్మం వైపు పునుకుల అనే ఊరి రైతులు వేప కషాయం, మిర్చి వెల్లుల్లి ద్రావణం, జిగురు రాసిన పసుపు పళ్లేలతో నెట్టుకొచ్చి, 2004లో "మా ఊళ్లో పురుగుమందు వాడం" అని ప్రకటించారు. వాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

ఈసారి పొద్దున్నే మందు కొట్టని చేనుకు వెళ్లి ఆకులు తిప్పి చూడండి. వెంట్రుకంత సన్నని కాడ చివర ఆవగింజ కన్నా చిన్న గుడ్డు నిలబడి కనిపిస్తే ముట్టుకోకండి, అది అల్లిక రెక్కల పురుగుది. దాని పిల్ల బయటికొచ్చి, మొక్క రసం తాగే చిన్న పురుగు పేనుబంకను ఎలా పట్టి పీలుస్తుందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య