చీమకుర్తి పాత స్విచ్ కొత్త ల్యాప్‌టాప్‌ని ఎందుకు రానివ్వలేదు

చీమకుర్తిలో ఓ గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసు. మూలనున్న నెట్‌వర్క్ స్విచ్ (ఆఫీసు కంప్యూటర్లని కలిపే పెట్టె) మీద వేలితో పేరు రాయొచ్చు, అంత రాతిపొడి. దాన్ని చూసుకునే కుర్రాడు కొత్త ల్యాప్‌టాప్ కొన్న మర్నాడే ఒంగోల్లో ఉన్న నాకు ఫోన్ చేశాడు. "అన్నా, దీన్నుంచి స్విచ్‌లోకి లాగిన్ అవుదామంటే పాస్‌వర్డ్ కూడా అడగట్లేదు, ముందే కట్ అయిపోతోంది."

ల్యాప్‌టాప్‌కీ స్విచ్‌కీ కుదిరే కీ ఎక్స్ఛేంజ్ పద్ధతి, అంటే రహస్య తాళంచెవి కుదుర్చుకునే పద్ధతి, లేదని స్క్రీన్ మీద ఉంది. స్విచ్‌కి తెలిసింది ఒక్కటే: డిఫీ-హెల్మన్ గ్రూప్1 షా1 అనే పాత పద్ధతి.

ఒకప్పుడు ఈ గొడవే లేదు. దూరం నుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి టెల్నెట్‌లో పాస్‌వర్డ్ తీగ మీద ఉన్నదున్నట్టు వెళ్లేది. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ టెక్నికల్ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో అలా పాస్‌వర్డులు పట్టేస్తే, అక్కడి టాటు యులొనెన్ అంతా గుప్తంగా పంపే లాగిన్ పద్ధతి ఎస్ఎస్‌హెచ్ రాశాడు. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు దాని ఉచిత రూపం ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ తెచ్చారు. మా కుర్రాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నదీ అదే. ఇందులో రెండు వైపులూ ముందు తమకొచ్చిన పద్ధతుల జాబితాలు చూపించుకుంటాయి. ఉమ్మడిది దొరక్కపోతే మాటలు అక్కడితో సరి. పాస్‌వర్డ్ దాకా వెళ్లకపోవడానికి కారణం అదే.

స్విచ్ చేసినవాళ్లని తిట్టడానికీ లేదు. 2006 నాటి ఎస్ఎస్‌హెచ్ ప్రమాణంలో తప్పనిసరి అన్న పద్ధతుల్లో గ్రూప్1 కూడా ఉంది. అందులో వాడేది 1024 బిట్ల ప్రధాన సంఖ్య, పైగా లోకమంతటికీ అదే సంఖ్య. 2015 మేలో లాగ్‌జామ్ అనే లోపాన్ని బయటపెట్టిన పరిశోధకులు చెప్పింది ఈ సంగతే: ఓ ప్రభుత్వం స్థాయిలో డబ్బు పోసి ఆ సంఖ్య మీద ఒక్కసారి పెద్ద లెక్క చేసి పెట్టుకుంటే, తర్వాత ఒక్కో కనెక్షన్ విప్పడం చాలా తేలిక. ఆ ఆగస్టులోనే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ 7.0 గ్రూప్1ని డిఫాల్ట్‌గా ఆపేసింది. 2021లో 8.8 వెర్షన్ షా1 అనే పాత లెక్కతో చేసే ఆర్‌ఎస్ఏ సంతకాలనీ (ఎవరు ఎవరో రుజువు చేసేవి) ఆపేసింది. 2025లో 10.0 అయితే డీఎస్ఏ అనే పాత సంతకాల పద్ధతిని పూర్తిగా పీకేసింది.

ఆపేయడం వేరు, పీకేయడం వేరు. మా కుర్రాణ్ణి గట్టెక్కించింది ఆ తేడానే. కాన్ఫిగ్ ఫైల్లో ఆ స్విచ్ ఐపీ కింద మాత్రమే, ఉన్న జాబితాకి ప్లస్ గుర్తుతో గ్రూప్1ని కలిపాం. వెంటనే హోస్ట్ కీ (స్విచ్ తన గుర్తింపు చూపించే కీ) దగ్గర ఆగింది. అదీ కలిపితే సీబీసీ సైఫర్ (డేటాని గుప్తం చేసే పాత పద్ధతి) దగ్గర మళ్లీ! మూడు లైన్లయ్యాక పాస్‌వర్డ్ అడిగింది. ఇంత తిప్పలెందుకని టెల్నెట్ ఆన్ చేసేవాళ్లనీ చూశాను. తాళం తిరగట్లేదని తలుపే పీకేసినట్టు ఉంటుంది.

ఆ మూడు లైన్ల పైన కుర్రాడు ఓ కామెంట్ రాసుకున్నాడు: "స్విచ్ మార్చిన రోజు ఇవి కొట్టెయ్యాలి." స్విచ్ ఇంకా అక్కడే ఉంది.