సింహాచలం కొండెక్కే లీటరు నీళ్లు

"చుట్టూ నీళ్లే కదా, మళ్లీ తాగేనీళ్ల గొడవేమిటి?" ఇద్దరేసి మిత్రులు తెడ్లు వేసుకుంటూ మహాసముద్రాలు దాటడం గురించి చదివి, ఓ విశాఖ పాఠకుడు అడిగాడు. 1966లో బ్రిటిష్ సైనికులు రిడ్జ్‌వే, బ్లైత్ అలా అట్లాంటిక్ దాటడానికి 92 రోజులు పట్టింది. తెడ్డు వేసేవాడికి రోజుకు 8 లీటర్లనుకుంటే, ఇద్దరికీ అన్ని రోజులకూ దాదాపు ఒకటిన్నర టన్ను నీళ్లు. పడవ బరువు కన్నా అదే ఎక్కువ. అందుకే ఇప్పుడు సముద్రపు నీళ్లనే మంచినీళ్లుగా మార్చే వాటర్‌మేకర్ అనే పరికరం వెంట ఉంటుంది.

సముద్రపు నీళ్లు ఎందుకు తాగకూడదో మాగాయ పెట్టేవాళ్లను అడగండి. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే మూడో రోజుకి ఊట దిగుతుంది. లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న నీళ్లు తాగినా ఒంట్లో కణాల పని అంతే. ఆ ఉప్పును తోసెయ్యడానికి కిడ్నీలకు తాగిన లీటరు చాలదు, ఒంట్లో నీళ్లు కూడా పోతాయి. కొంచెం కొంచెంగా తాగితే అలవాటవుతుందనే మాట ఒట్టి మూఢనమ్మకం.

ఇలా పొరకు అటున్న ఉప్పో తీపో ఇటున్న నీళ్లను లాక్కోవడమే ఆస్మాసిస్. బళ్లో దాన్ని ఎండుద్రాక్ష నానబెట్టి చూపిస్తారు. ఆ లాగుడు బలమెంతో మాత్రం చెప్పరు. సముద్రపు నీటికది సుమారు 27 బార్లు, అంటే 270 మీటర్ల లోతు నీటి అడుగున ఉండే ఒత్తిడి. ఆ లాగుడుకు ఎదురుగా నీళ్లను తోసి, నీటిని వదిలి ఉప్పును ఆపే పాలిఅమైడ్ అనే ప్లాస్టిక్ పొర గుండా లీటరు మంచినీళ్లు రాబట్టడమంటే, ఇంచుమించు ఆ లీటరును సింహాచలం కొండమీదికి మోయడమే. వానల తర్వాత గంగ, బ్రహ్మపుత్ర నీళ్లు దిగివచ్చి మన తీరంలో ఉప్పు తగ్గుతుంది. 30 గ్రాములకు పడితే కొండ 230 మీటర్లకు కుంగినట్టే!

ఇది కనీస కూలి. పని త్వరగా కావాలని వాటర్‌మేకర్ 55 బార్లతో తోస్తుంది, కొండ రెండుసార్లు ఎక్కినట్టు. పైగా చిన్న పరికరంలో పది లీటర్లు తోస్తే ఒక్కటే మంచినీరు. మిగతా తొమ్మిదీ కొండెక్కి ఉత్తినే దిగిపోతాయి. అలా వదిలేస్తే లీటరుకు 15 వాట్-అవర్లు. అందుకే బావి గిలక ఉపాయం: దిగే చేద ఎక్కే చేదను లాగినట్టు, బయటికి పోయే ఉప్పునీటిని పిస్టన్ వెనక్కి మళ్లించి, దాని ఒత్తిడితోనే తర్వాతి నీళ్లను తోయిస్తారు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 4 ఆంపియర్లు తీసుకునే పరికరం గంటకు ఐదున్నర లీటర్లిస్తుంది. ఇద్దరికీ మూడు గంటలు చాలు. ఎండ కాస్తే 100 వాట్ల సోలార్ పలకే దాన్ని నడిపేస్తుంది. మబ్బు పట్టి బ్యాటరీ పడుకుంటే చేతిపంపే గతి. అది చిన్నదైతే గంటసేపు కొట్టినా లీటరు నిండదు.

పాడయ్యేది ఎక్కువగా ఆ పొరే. ఫిషింగ్ హార్బర్‌లో స్విచ్ వేయకూడదు, నీటిమీది డీజిల్ తెట్టు పొరను మూసేస్తుంది. కుళాయి నీళ్లతో కడిగితే క్లోరిన్ దాన్ని తినేస్తుంది, కార్బన్ ఫిల్టర్ గుండా పోయాలి. వారాల తరబడి వాడకపోతే పాచి పట్టి కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. అలా కాకుండా పక్కన పెట్టేముందే, పాచి పట్టనివ్వని సోడియం మెటాబైసల్ఫైట్ ద్రావణం నింపి ఉంచాలి. పడవ ఊగినప్పుడు నీళ్లు పీల్చే రంధ్రం పైకి తేలితే పంపులోకి గాలి చేరుతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, చుక్క రాదు. రంధ్రం పడవ అడుగున నడిమధ్య ఉండేది అందుకే. ఎప్పుడు మొదలుపెట్టినా తొలి నీళ్లు పారబోసి, తర్వాతివి నాలుకమీద వేసుకు చూడాలి. ఉప్పగా తగిలితే ముందు చూడాల్సింది అతుకుల దగ్గర నీళ్లు కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు.