బెల్టుతో వచ్చే గాలి, పొగతో వచ్చే గాలి

రావులపాలెం దగ్గర హైవే పక్కన లోడు లారీ ఆగిందంటే డ్రైవరు వెంటనే తాళం తిప్పడు, ఇంజన్ని కాసేపు స్లోలోనే ఉంచుతాడు. పక్కనున్నవాళ్లు తొందరపెడితే "ఉండండి, టర్బో చల్లారాలండి" అంటాడు. టర్బో అంటే ఇంజను పొగతో తిరిగే టర్బైను సాయంతో ఇంజనులోకి గాలిని నొక్కి పంపే పరికరం. ఎర్రగా కాలిన టర్బైను పక్కనే ఉన్న బేరింగుకి ఆయిలు అందడం ఒక్కసారిగా ఆగిపోతే, లోపల మిగిలిన ఆయిలు మాడి గట్టిపడుతుంది. గోదావరి జిల్లాల్లో టర్బో అనగానే ముందు గుర్తొచ్చేది ఇలాంటి లారీయే. అదే పనిని ఇంజను బెల్టుతో తిరుగుతూ చేసే సూపర్‌చార్జరు మనకి పరిచయం లేని వస్తువనుకుంటాం గానీ, ఉప్పాడ వైపు రొయ్యపిల్లల హేచరీల్లో ట్యాంకులకి గాలి పంపే లోబ్ బ్లోయరు దానికి స్వయానా అన్న. ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా తిరిగే రెండు రోటర్లు గాలిని ఇవతల పట్టి అవతలికి నెడతాయి. రెండింటిలో ఉన్నదీ అదే పని.

ఎనిమిది, తొమ్మిది వేల ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాకా లాగే స్పోర్ట్స్ కారు ఇంజనుకి ఈ రెండింటిలో ఏది పెట్టాలి? భీమవరం, కాకినాడ ఇంజనీరింగ్ కుర్రాళ్ల మధ్య ఈ వాదన మొదలైతే ఓ పట్టాన తెగదు. ఏది ఎక్కువ హార్స్‌పవర్ ఇస్తుందన్న దగ్గరే అందరూ ఆగిపోతారు. అసలు ఏది ఏ పని కోసం పుట్టిందో చూస్తే చిక్కుముడి సగం విడిపోతుందని నా నమ్మకం.

బ్లోయరు కారు కన్నా పాతది. అమెరికాలోని ఇండియానాలో రూట్స్ సోదరులు 1860లోనే దానికి పేటెంటు తీసుకున్నారు. ఇనుము కరిగించే కొలుములకి గాలి కొట్టడానికి వాడారు. ఇంజనులోకి గాలిని బలవంతంగా పంపే ఆలోచనకి గాట్లీబ్ డైమ్లర్ 1885లో పేటెంటు పొందాడు. 1921లో బెర్లిన్ మోటార్ షోలో మెర్సిడెస్ సూపర్‌చార్జరున్న కార్లని అమ్మకానికి చూపించింది. వాటిలో యాక్సిలరేటరుని నేలకి తొక్కితేనే బ్లోయరు క్లచ్ పట్టుకునేది. మామూలుగా నడిపేటప్పుడు ఇంజను మీద దాని భారం ఉండేది కాదు. బ్లోయరుని తిప్పే శక్తి క్రాంకు నుంచే రావాలి. ఈ పద్ధతికున్న పెద్ద లోపం అదే.

టర్బో పుట్టుక వేరు. ఇంధనంలోని శక్తిలో దాదాపు మూడో వంతు వేడి పొగగా సైలెన్సరు గుండా వృథాగా పోతుంది. ఆ పొగతోనే టర్బైను తిప్పి లోపలికి గాలి నెట్టించవచ్చని స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లో పేటెంటు రాశాడు. ఇరవై ఏళ్ల తర్వాత రెండు జర్మన్ ఓడల డీజిల్ ఇంజన్లు దాంతో 1750 నుంచి 2500 హార్స్‌పవరుకి పెరిగాయి. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ విమానం ఇంజను కోసం దాన్ని అమెరికాలోని పైక్స్ పీక్ కొండ మీద, గాలి పలచబడే 14,000 అడుగుల ఎత్తున పరీక్షించాడు. ఓడైనా విమానమైనా ఇంజను గంటల తరబడి ఒకే వేగంతో తిరుగుతుంది. హైవే మీద లోడు లారీ కూడా ఇంచుమించు అంతే. స్పోర్ట్స్ కారు అలా కాదు. కాలు కదిలినప్పుడల్లా రెండు వేలకీ ఎనిమిది వేలకీ మధ్య ఊగుతుంది.

అందుకే కారులో టర్బో కుదురుకోవడానికి చాలా కాలం పట్టింది. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైరులో సిలిండరులో ఇంధనం తనంతట తానే పేలి ఇంజను కొట్టుకోకుండా నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవం చల్లేవారు. ఆ ట్యాంకు నింపడం ఓనర్లు మరిచిపోయేవారు. 1975 పోర్షె 911 టర్బోలో కంప్రెషన్ని (సిలిండరులో గాలిని ఎన్ని రెట్లు నొక్కుతారన్న లెక్క) 6.5కి దించాల్సి వచ్చింది. అలా దించితే బూస్టు (టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి) అందేలోపు ఇంజను నీరసంగా ఉంటుంది. అందాక మాత్రం ఒక్కసారిగా లాగుతుంది. ఫార్ములా వన్‌లోకి 1977లో టర్బో తెచ్చిన రెనో మొదటి గెలుపు కోసం 1979 దాకా ఆగాల్సి వచ్చింది.

ఎక్కువ ఆర్‌పీఎం ఇంజనుకి ఇంకో ఇబ్బంది ఉంది. పై వేగాల్లో గాలి బాగా ఆడటానికి ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరిచి ఉండే సమయాన్ని ఎక్కువ పెడతారు. చిన్న టర్బో బిగిస్తే త్వరగా అందుకుంటుంది గానీ, ఎనిమిది వేల దగ్గర పొగకి దారి ఇరుకై ఒత్తిడి వెనక్కి తన్నుతుంది. ఆ తెరిచిన వాల్వుల గుండా పొగ మళ్లీ సిలిండరులోకే వస్తుంది. పెద్దది బిగిస్తే పైన బాగానే ఉంటుంది, కింద లాగ్, అంటే కాలు నొక్కాక బూస్టు రావడానికి ఆలస్యం. బెల్టుతో తిరిగే సూపర్‌చార్జరు పొగ దారిని ముట్టుకోదు, ఇంజను స్వభావాన్ని మార్చదు. 2006లో లోటస్ ఎగ్జీజ్ ఎస్‌లో టయోటా 1.8 లీటర్ల ఇంజనుకి బ్లోయరు పెట్టి, 190 చిల్లర హార్స్‌పవర్ని 220 దగ్గరికి తెచ్చారు. ఇంజను ఎనిమిది వేలు దాటి తిరిగే గుణం పోలేదు. పోర్షె నాటికీ అప్పటికీ ఫ్యూయల్ ఇంజెక్షనూ కంప్యూటరూ ఎంతో మారాయి కాబట్టి ఘనతంతా బ్లోయరుకే కట్టబెట్టలేం. బెల్టుతోనే తిరిగే సెంట్రిఫ్యూగల్ రకంలో (చక్రం వేగంగా తిరుగుతూ గాలిని అంచులకి విసిరేది) బూస్టు వేగానికి వర్గంగా పెరుగుతుంది. తొమ్మిది వేల దగ్గర ఇచ్చే బూస్టులో నాలుగో వంతే నాలుగున్నర వేల దగ్గర ఇస్తుంది. పై ఆర్‌పీఎంలో బతికే ఇంజనుకి అది బాగా నప్పుతుంది.

అయినా చాలా కంపెనీలు టర్బో వైపే వెళ్లాయి. కారణం పొగ నియమాలు, మైలేజీ. దానికి ఆర్‌పీఎం మూల్యం చెల్లించాయి. 9000 దాకా తిరిగే ఫెరారీ 458 స్థానంలో 2015లో వచ్చిన టర్బో 488 ఎనిమిది వేల దగ్గరే ఆగింది. అదే ఏడాది హోండా సివిక్ టైప్ ఆర్ కూడా టర్బోకి మారి ఏడు వేలకి దిగింది.

మన డెల్టా సముద్ర మట్టానికి దగ్గర. పైక్స్ పీక్ మీద టర్బో చూపిన లాభం ఇక్కడ అంతగా అక్కర్లేదు. ఇక్కడి అసలు శత్రువు మే నెల వేడి. గాలిని ఏ పద్ధతిలో నొక్కినా వేడెక్కుతుంది, రూట్స్ రకంలో అయితే మరీను. బూస్టు ఎంతని అడిగే ముందు ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరు ఎంతని అడగాలి. కాలువ గట్టు రోడ్డు మీద ధాన్యం ట్రాక్టరుని దాటేటప్పుడు కాలు నొక్కిన క్షణానే లాగే ఇంజను కావాలి. అందుకే ఇక్కడ ఎక్కువ ఆర్‌పీఎం ఇంజనుకి నా ఓటు బెల్టుకే. ఏది బిగించినా బండిలో చేసే మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉందన్నది మరవకూడదు.

ఇప్పుడు టర్బో షాఫ్టుకే కరెంటు మోటారు తగిలించి, పొగ చాలనప్పుడు దాంతో తిప్పుతున్నారు. ఫార్ములా వన్‌లో 2014లో వచ్చిన ఈ పద్ధతిని మెర్సిడెస్ ఏఎంజీ 2022లో రోడ్డు కార్లకి తెచ్చింది. 2026 నియమాల్లో ఫార్ములా వన్ మాత్రం ఖర్చు భారమని దాన్ని వదిలేసింది.