భయం మీద స్టే

"కౌన్సెలింగ్‌తో ఎత్తంటే భయం పోయింది. ఊరు మారాక మళ్లీ పట్టుకుంది. పెట్టిన డబ్బంతా దండగేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

దండగ కాదండీ. మీ భయం మీద కేసు కొట్టేయలేదు, స్టే ఇచ్చారంతే.

భయపెట్టే వాటికి కొద్దికొద్దిగా ఎదురు నిలబెట్టే ఈ చికిత్సను ఎక్స్‌పోజర్ థెరపీ అంటారు. దాని గుట్టు ఎలకల ల్యాబ్‌లో బయటపడింది. గంట మోగినప్పుడల్లా షాక్ ఇస్తే, తర్వాత గంట వింటేనే ఎలక బిగుసుకుపోతుంది. షాక్ మానేసి గంట ఒక్కటే పదేపదే వినిపిస్తే భయం తగ్గుతుంది. కానీ చెరిగిపోదని సైకాలజిస్టు మార్క్ బౌటన్ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి చూపించారు. పాత కేసు మెదడులో భయాన్ని నడిపించే అమిగ్డలాలో అలాగే ఉంటుంది. నుదుటి వెనక ఉండే మెదడు భాగం, ప్రీఫ్రంటల్ కార్టెక్స్, దాన్ని ఆపి ఉంచుతుంది. ఈ స్టేకి పరిధి ఉంది: బోను మారిస్తే భయం తిరిగొస్తుంది. గడువుంది: వారాలు గడిస్తే బలం తగ్గుతుంది. ఒక్క షాక్ మళ్లీ తగిలితే రద్దయిపోవచ్చు. అందుకే మంచి థెరపిస్టు ఒకే మేడ మీద ఆగడు. వేరే మేడలు, వంతెనలు, లిఫ్టులు ఎక్కిస్తాడు, తోడు లేకుండా కూడా. చేతికి తాయెత్తు కట్టుకుని వెళ్తే మెదడు 'తాయెత్తు వల్ల బతికాను' అనే నేర్చుకుంటుంది. బీపీ మాత్రల డబ్బా జేబులో పెట్టుకున్నా అంతే.

మరి ఆ స్టేని గట్టిపరచలేమా? అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీలో మైకేల్ డేవిస్ బృందం 2002లో ఎలకలకు డి-సైక్లోసెరిన్ ఇచ్చింది. అది పాత టీబీ మందు. మందులకు లొంగని టీబీకి మన దగ్గరా ఇస్తారు. ఎక్కువ మోతాదులో మతి చెదరగొట్టే మందే ఇది! మెదడు కణాల మీద నేర్చుకోవడానికి తోడ్పడే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ అనే గ్రాహకం ఉంటుంది; అందులో గ్లైసిన్ అనే రసాయనం కూర్చునే చోట ఈ మందు పాక్షికంగా పనిచేసి, నేర్చుకోవడాన్ని పెంచుతుంది. 2004లో సైకియాట్రిస్టు కెర్రీ రెస్లర్, సైకాలజిస్టు బార్బరా రోత్‌బామ్ కలిసి, ఎత్తంటే భయపడేవాళ్లలో కొందరికి ఈ మందు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, అందరినీ కంప్యూటర్ సృష్టించిన గాజు లిఫ్ట్ ఎక్కించారు. రెండే సెషన్లు. మందు తీసుకున్నవాళ్లు మిగతావాళ్లకంటే బాగా కోలుకున్నారు. ఎలకలవాళ్లు, మందులవాళ్లు, కంప్యూటర్లవాళ్లు ఎవరి గదిలో వాళ్లుంటే ఈ ప్రయోగం పుట్టేదే కాదు.

తర్వాత ఉత్సాహం చల్లబడింది. 2017లో చాలా ట్రయల్స్ కలిపి చూస్తే లాభం చిన్నదేనని తేలింది. పైగా భయం దిగకముందే సెషన్ ముగిస్తే ఈ మందు భయాన్నే గట్టిపరచొచ్చు. దానికి మంచి చెడ్డా తెలియదు కదా. సెషన్ బాగా జరిగితేనే, అది అయ్యాక మాత్ర ఇచ్చే పద్ధతినీ పరీక్షించారు. అనుకున్న ఫలితం రాలేదు.