గొంగళిపురుగు చిన్ననాటి వాసనలు

చిన్నూ, బుజ్జీ,

టమాటా మొక్క మీది పురుగును తీసి వేరే మొక్క మీద పెడితే, ఆకు అంత లేతగా ఉన్నా ఎందుకు ముట్టుకోలేదని అడిగారు కదా, అప్పటినుంచీ నాకు అదే ఆలోచన.

టమాటా, పొగాకు ఆకులు తినే మాండుకా అనే పెద్ద గొంగళిపురుగు ఉంది. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో అది రకరకాల ఆకులు కొరికి చూస్తుంది. టమాటా జాతి ఆకు ఒకసారి మరిగిందంటే ఇక వేరే ఆకు వద్దంటుంది, ఆకలితో చచ్చిపోయేదాకా కూడా. మొదట్లో తగిలిన రుచీ వాసనా అంత గట్టిగా పట్టుకుంటాయన్నమాట.

చిన్నప్పుడు నేనూ డబ్బాకు చిల్లులు పెట్టి పురుగుల్ని పెంచేవాణ్ణి. ఆకు వేసేముందు నలిపి వాసన చూసేవాణ్ణి, దీనికి ఇందులో ఏం నచ్చిందా అని. అమ్మ డబ్బా బయట పెట్టమనేది, నేను మంచం కింద దాచేవాణ్ణి. చిన్న ప్రాణిని దగ్గరగా చూసినవాడికి దాన్ని తొక్కాలనిపించదర్రా.

అసలు వింత ఇంకా ఉంది. 2008లో అమెరికాలో ఈ మాండుకా పురుగులకే ఒక వాసన చూపిస్తూ చిన్న కరెంటు షాక్ ఇచ్చారు. రెక్కలు రాకముందు పురుగు కదలకుండా ఉండే ప్యూపా దశలోకి వెళ్లాక ఒంట్లో చాలా భాగం కరిగి మళ్లీ తయారవుతుంది కదా, అయినా రెక్కలొచ్చాక చాలావరకు ఆ వాసనకు దూరంగానే పోయాయి! వాసన ఒంటికి అంటుకుని ఉందేమోనని ప్యూపాలను కడిగి కూడా చూశారు, అయినా అంతే. కానీ మరీ చిన్న వయసులో నేర్పిన పురుగులు మాత్రం మర్చిపోయాయి.

పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టడం చూశారు కదా. ముందు కట్టిన గదుల్ని కూల్చేస్తారు, చివర్లో కట్టిన వెనక గది గట్టిగా ఉంటే అలాగే ఉంచేస్తారు. ఆ గది అలమారలో పెట్టినవి ఎక్కడివక్కడే ఉంటాయి, కూల్చిన గదుల్లోవి మట్టిలో కలిసిపోతాయి. పురుగు మెదడులోనూ ఆలస్యంగా తయారైన భాగం అలా మిగిలిపోతుందేమోనని ఆ శాస్త్రవేత్తల ఊహ.

2019లో సింగపూర్ వాళ్లు చెప్పింది మరీ ఆశ్చర్యం. అరటిపండు వాసన పూసిన ఆకులు తిని పెరిగిన గొంగళిపురుగులు ఆ వాసనను ఇష్టపడటం నేర్చుకున్నాయి, ఆ ఇష్టం వాటి పిల్లలకూ వచ్చింది. ఆ పిల్లలు ఆ ఆకు ఎన్నడూ తినలేదర్రా! ఎలా వచ్చిందో తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

మీ పురుగును మళ్లీ టమాటా మొక్క మీదే పెట్టండి. రోజూ వెళ్లి చూడండి, కానీ ముట్టుకోవద్దు. తినడం మానేసి కిందికి దిగి మట్టిలో దూరుతుంటే ఆపకండి, ప్యూపా అయ్యేది అక్కడే. ఏం చూశారో నాకు రాయండి.

మీ తాతయ్య