మనిషి రక్తకణాలు మోసే చిట్టెలుకలు

చిరంజీవులు పెద్దమ్మాయికి, చిన్నాడికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్నాడు అడిగాడు, "మందులన్నీ ముందు ఎలుకల మీద చూస్తారట కదా, ఎలుకకి పనిచేసింది మనకెందుకు పనిచేయాలి?" అని. వెంటనే పెద్దమ్మాయి అందుకుని, "మనిషి రక్తం ఉన్న ఎలుకలు కూడా ఉన్నాయట, నిజమేనా?" అంది. నిజమే, ఉన్నాయి. అవి పుట్టుకొచ్చింది చిన్నాడి లాంటి ప్రశ్న నుంచే. ఫోన్‌లో తేలే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను.

మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ పిల్లల చేత రక్తం స్లైడులు చూపించేదాన్ని. మన తెల్లకణాల్లో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ ఉంటాయి. చిట్టెలుక రక్తం చూస్తే ఎక్కువగా లింఫోసైట్లనే ఇంకో రకం తెల్లకణాలే కనిపిస్తాయి. రెండు స్లైడులూ పక్కపక్కన పెడితే, ఏది ఎవరిదో కొత్తగా చేరిన విద్యార్థి కూడా చెప్పేస్తాడు. ఇక కణాల మీద ఉండే అణువుల్లో తేడాలు చెప్పనే అక్కర్లేదు. ఎయిడ్స్ తెచ్చే హెచ్‌ఐవి మన టి కణం (రోగాలతో పోరాడే ఒక రకం తెల్లకణం) మీద ఉన్న సిడి4 అనే అణువును పట్టుకుని లోపలికి దూరుతుంది. ఎలుకకూ సిడి4 ఉంది కానీ వైరస్‌కు అది పట్టు దొరకదు. కాబట్టి మామూలు ఎలుకకు ఎంత హెచ్‌ఐవి ఎక్కించినా జబ్బు రాదు.

ఈ తేడాల వల్ల ఎంత ప్రమాదం రావచ్చో 2006 మార్చిలో లండన్‌లో తెలిసింది. టీజీఎన్1412 అనే కొత్త యాంటీబాడీ (ఒక ప్రత్యేక అణువును వెతికి పట్టుకునే ప్రోటీన్) మందును నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ఆవరణలో ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు తొలిసారి ఎక్కించారు. కోతులు అంతకంటే ఎన్నో రెట్ల మోతాదును తట్టుకున్నాయి. వీళ్ళకు ఇచ్చింది, జంతువుల్లో సురక్షితమని తేలిన మోతాదులో 500వ వంతు మాత్రమే. అయినా గంట, గంటన్నరలోపే వణుకు, తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. వాళ్ళ టి కణాలు ఒక్కసారిగా రెచ్చిపోయి సైటోకైన్లనే రసాయనాలను రక్తంలోకి కుమ్మరించాయి. ఆరుగురూ ఐసీయూలో చేరారు. ప్రాణాలు దక్కాయి కానీ ఒకతను కాలివేళ్ళు, చేతివేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. ఆ మందు పట్టుకునే అణువు మనుషుల్లో ఒక రకం టి కణాల మీద ఉంటుంది, ఆ కోతుల్లో అదే రకం కణాల మీద ఉండదు. ఇది తరవాత బయటపడింది. ఆ వార్త చదివినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

మనిషి కణాలు ఏం చేస్తాయో తెలియాలంటే మనిషి కణాలనే చూడాలి. గాజు పాత్రలో పెంచి కొంత చూడవచ్చు. కానీ టి కణం లాంటి రక్తకణం ఎముక మూలుగలో పుట్టి, ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలో పెరిగి, పొట్టలో ఎడమపక్కన ఉండే ప్లీహంలో తిరిగి, రక్తంతో పాటు ఒళ్ళంతా ప్రయాణం చేసేది. గాజు పాత్రలో ఆ ప్రయాణం ఉండదు. అలాగని బతికున్న మనిషి మీద ప్రమాదకరమైన ప్రయోగం చేయలేం. అందుకే మనిషి కణాలు బతకడానికి ఒక చిన్న ఒళ్ళు వెతికారు.

చిక్కేమిటంటే, ఎలుక ఒళ్ళు పరాయి కణాన్ని ఊరికే ఉండనివ్వదు. దాని రోగనిరోధక వ్యవస్థ వెంటనే చంపేస్తుంది. 1960లలో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో వెంట్రుకలు లేని చిట్టెలుకలు కనిపించాయి. వాటికి థైమస్ కూడా లేదని 1968లో తెలిసింది. థైమస్ లేకపోతే టి కణాలు తయారుకావు. వాటిలో మనిషి క్యాన్సర్ గడ్డలు పెరిగాయి కానీ, మిగిలిన రక్షణ కణాల వల్ల రక్తకణాలు నిలవలేదు. 1983లో ఫిలడెల్ఫియాలో మెల్విన్ బోస్మా బృందం టి కణాలూ, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలూ రెండూ లేని చిట్టెలుకల గురించి రాసింది. వాటికి స్కిడ్ ఎలుకలని పేరు. 1988లో అమెరికాలో రెండు బృందాలు వేరువేరు పద్ధతుల్లో వీటిలో మనిషి రోగనిరోధక కణాలను బతికించాయి. హెచ్‌ఐవిని ఒక చిన్న జంతువులో చూడటానికి దారి దొరికింది అప్పుడే.

ఇక్కడ మీకు ఒక అబ్బాయి గురించి చెప్పాలి. అమెరికాలోని టెక్సస్‌లో 1971లో డేవిడ్ వెటర్ అనే బాబు పుట్టాడు. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేదు. చిన్న సూక్ష్మజీవి చాలు, ప్రాణం పోతుంది. అందుకని ప్లాస్టిక్ గుడారంలో, శుద్ధిచేసిన గాలిలో పెంచారు. అమ్మ అతన్ని తాకాలన్నా గోడకు బిగించిన గ్లవ్స్‌లోంచే తాకాలి. 1984లో, పన్నెండేళ్ళకే చనిపోయాడు. అలాంటి పిల్లల్లో పాడైన జన్యువేమిటో 1993లో తెలిసింది. ఆ జన్యువునే ఎలుకలో తీసేస్తే? స్కిడ్ ఎలుకల్లో మిగిలిపోయిన, పరాయి కణాలను చంపే ఎన్‌కే కణాలు కూడా పోతాయి. జపాన్‌లోని కవసాకిలో 2002లో, అమెరికాలోని జాక్సన్ లాబొరేటరీలో 2005లో అలాంటి చిట్టెలుకల గురించి ప్రచురించారు. వాటి పేర్లు ఎన్‌ఓజీ, ఎన్‌ఎస్‌జీ. ఇప్పుడు ప్రపంచమంతా ఎక్కువగా వాడేది వీటినే. ఇవి కూడా డేవిడ్ లాగే శుద్ధిచేసిన గాలిలో, శుద్ధిచేసిన మేత తింటూ బతకాలి. ఆ అబ్బాయికి ప్రాణాపాయమైన లోపమే వేలమంది రోగుల కోసం చేసే పనికి ఆధారమైందని తలుచుకుంటే నాకు మనసు బరువెక్కుతుంది.

ఇక తయారీ. కాన్పు అయ్యాక బొడ్డుతాడులో మిగిలిన రక్తాన్ని మామూలుగా పారేస్తారు. తల్లి అనుమతి ఇస్తే దాన్ని తీసుకుని, అందులోంచి రక్త మూలకణాలను, అంటే అన్ని రకాల రక్తకణాలకూ జన్మనిచ్చే కణాలను, వేరుచేస్తారు. మీ పెద్దతాతయ్య పొలంలో నాట్లకు ముందు మడిని దమ్ము చేయించడం చూశారు కదా, ఇక్కడా అలాగే ముందు చోటు సిద్ధం చేస్తారు. ఎలుకకు చావని మోతాదులో రేడియేషన్ ఇస్తే దాని మూలుగలో ఉన్న సొంత మూలకణాలు తగ్గిపోతాయి. తరవాత తోకలోని రక్తనాళం ద్వారా మనిషి మూలకణాలను ఎక్కిస్తారు. అవి ఎవరూ దారి చూపకుండానే మూలుగను చేరి అక్కడ నాటుకుంటాయి. పది పన్నెండు వారాలు ఆగి ఒకటి రెండు చుక్కల రక్తం తీసి, ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంలో ఏవి మనిషివో ఏవి ఎలుకవో లెక్కపెడతారు. తెల్లకణాల్లో పావు వంతు మనిషివైతే బాగా నాటుకున్నట్టే లెక్క.

ఈ ఎలుకలు నేర్పినవాటిలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది రక్త క్యాన్సర్ సంగతి. 1994లో కెనడాలోని టొరంటోలో జాన్ డిక్ బృందం ఒక రకం ల్యుకేమియా రోగుల కణాలను స్కిడ్ ఎలుకల్లోకి ఎక్కించి చూసింది. కోట్ల కణాల్లో ఏ కొన్నిటికో మాత్రమే జబ్బును మళ్ళీ మొదలుపెట్టే శక్తి ఉందని తేలింది. మందుతో రక్తమంతా శుభ్రమైనట్టు కనిపించినా, ఆ కొన్ని మిగిలితే చాలు, జబ్బు తిరగబెడుతుంది. ఎందుకు మళ్ళీ వచ్చిందని కన్నీళ్ళతో అడిగే తల్లిదండ్రులకు చెప్పడానికి ఒక జవాబు దొరికింది. ఆ కణాల మీద పని ఇప్పటికీ సాగుతూనే ఉంది. మన టి కణాలను మార్చి క్యాన్సర్ మీదకు పంపే కార్-టి చికిత్సలను కూడా రోగులకు ఇచ్చే ముందు ఇలాంటి ఎలుకల్లోనే చూస్తారు.

అయితే వీటిని మరీ ఎక్కువ నమ్మకూడదు. వీటిలోని మనిషి టి కణాలు ఎలుక థైమస్‌లో పెరుగుతాయి కనుక నేర్చుకునే పాఠం కొంత ఎలుకది. టీకాకు యాంటీబాడీలు బలహీనంగా వస్తాయి. మనిషి ఎర్రకణాలను ఎలుకలోని భక్షక కణాలు మింగేస్తాయి, అందుకే రక్తంలో అవి నిలవవు. ఎలుక శరీరం ఇచ్చే పెరుగుదల సంకేతాలు కొన్ని మన కణాలకు సరిపడవు. అందుకని ఆ సంకేతాలిచ్చే మనిషి జన్యువులను కూడా చేర్చి కొత్త ఎలుకలను తయారుచేశారు, 2014లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రచురించినది అలాంటిదే. ఒక ప్రశ్నకు సరిపడే ఎలుక ఇంకో ప్రశ్నకు పనికిరాకపోవచ్చు. ఎవరైనా "ఎలుకల్లో నయమైంది" అని వార్త చూపిస్తే, ఏ ఎలుక, అందులో ఎవరి కణాలు అని అడగండి.

చిన్నాడా, మనిషి రక్తం ఉంటే ఎలుక మనలా ఆలోచిస్తుందా అని నువ్వు మెసేజ్ పెట్టావు. ఆలోచించదు. మారింది రక్తకణాలే, మెదడు ఎలుకదే. కానీ దానికి నొప్పి తెలుస్తుంది, భయం తెలుస్తుంది. ప్రయోగం అయ్యాక దాన్ని నొప్పి లేకుండా చంపి, మూలుగ, ప్లీహం, థైమస్ తీసి చూస్తారు. పిల్లలని మీ దగ్గర ఈ మాట దాచడం నాకిష్టం లేదు. మన దేశంలో 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద జంతువుల మీద ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలోనూ ఒక కమిటీ ఉండాలి. ఎన్ని ఎలుకలు కావాలి, ఎందుకు కావాలి, జంతువు లేకుండా ఈ పని జరగదా అని వాళ్ళు అడుగుతారు. ఆ కమిటీ సంతకం లేకుండా ప్రయోగం మొదలవకూడదు. ఎక్కువ అడిగితే తగ్గించమంటారు, తగ్గించమనాలి కూడా.

పెద్దమ్మాయీ, సెలవులకు వచ్చేటప్పుడు నీ బయాలజీ పుస్తకం తెచ్చుకో. థైమస్ బొమ్మ వేసి, టి కణం అక్కడ ఏం నేర్చుకుంటుందో చెబుతాను.

ఆశీస్సులతో,
అమ్మమ్మ