మా పాటలు విన్నాక అందరూ అడిగేవి: అపోహలు - వాస్తవాలు

మా బ్యాండ్‌ది రాజోలు దగ్గర ఊరు. మనుషుల అక్రమ రవాణా మీద ఎనిమిది పాటలతో రాక్ ఆల్బమ్ చేసి, మూడేళ్లుగా కోనసీమ చర్చిల్లో, యూత్ మీటింగుల్లో వాయిస్తున్నాం. ప్రోగ్రాం అయ్యాక ఎక్కడైనా అవే మాటలు.

అపోహ: రాక్ సాతాను సంగీతం.

సఖినేటిపల్లి రేవులో డ్రమ్స్ పంటు ఎక్కించేటప్పుడే ఎవరో ఒకరు అనేస్తారు. తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి గారు కర్ణాటక రాగాల్లో కీర్తనలు కట్టారు. ఆ రాగాలేమన్నా పాలస్తీనా నుంచి వచ్చాయా? దీని మీద వాదించే ఓపిక నాకు లేదు.

అపోహ: మత్తుమందు చల్లి వ్యాన్‌లో ఎత్తుకుపోతారు.

వాట్సాప్‌లో ఇవి నమ్మి, దారినపోయే అమాయకుల్ని కొడుతున్నారు. మా మూడో పాట బైబిల్లోని యోసేపు మీద. ఇరవై తులాల వెండికి అతన్ని అమ్మింది సొంత అన్నలు. ఇక్కడా ఎక్కువగా తెలిసినవాడే వస్తాడు, టీ తాగి వెళ్తాడు.

అసలు కొంపలు ముంచుతున్నది ఇది: “ఇష్టపడే వెళ్లింది, వీసా కూడా ఉంది. ఇంక అక్రమ రవాణా ఎలా అవుతుంది?”

ఒక లంక గ్రామంలో కేబుళ్లు చుడుతుంటే ఒకావిడ వచ్చి నిలబడింది. బైబిల్లో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతల వీసా ప్రింటు. కూతురు మస్కట్‌లో ఉంది. ఇంటి పని అని తీసుకెళ్లి అక్కడి ఏజెంటు ‘ఆఫీసు’లో పెట్టారు, అక్కణ్నుంచి మూడు ఇళ్లు మార్చారు, జీతం లేదు, పాస్‌పోర్టు లాక్కున్నారు. పంపింది ఆవిడ అక్క కొడుకే.

“పిల్ల సంతకం పెట్టే వెళ్లిందండి. కేసు పెడితే దాని మీదకే వస్తుందంటున్నాడండి మావాడు. నిజమేనా బాబూ?”

ఆ భయంతో ఏడు నెలలు నోరు మూసుకుంది. ప్రింటు మీద చూస్తే ‘విజిట్’ అని ఉంది, అంటే చూసి రావడానికిచ్చే వీసా, పని చేయడానికి కాదు. నాకు ఒళ్లు మండిపోయింది, ఆవిడ మీద కాదు.

భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ చూడండి. మోసం చేసో, బెదిరించో, డబ్బు ఆశ చూపో, దోపిడీ కోసం మనిషిని తరలిస్తే నేరం. బాధితురాలు ఒప్పుకుందా లేదా అన్నది లెక్కలోకే రాదు. పాత ఐపీసీ 370లో కూడా 2013 నుంచి ఇదే ఉంది. కనీసం 7 ఏళ్ల జైలు, అదీ పంపినవాడికి. ఈ మాట స్టేషన్‌లో కూడా గుర్తు చేయాల్సి వస్తుంది, మొహమాటపడకండి.

ఆ అమ్మాయి ఎంబసీ షెల్టర్‌కి చేరి ఇంటికొచ్చేసరికి ఇంకో ఐదు నెలలు పట్టింది. మొన్న క్రిస్మస్‌కి అదే ఊళ్లో వాయిస్తే, ఆ తల్లి వచ్చి “పాట బాగుంది గానీ ఆ డప్పులు కాస్త తగ్గించండి బాబూ” అంది. ఆయ్, అలాగేనండి అన్నాం.

ఆల్బమ్‌తో మేం బాగా సంపాదించామన్నది ఇంకో పుకారు. జనరేటర్ అద్దె కూడా రావట్లేదు.

గల్ఫ్ వెళ్లడమే తప్పని మేమెప్పుడూ పాడలేదు. నా మొదటి గిటార్ మా అమ్మ కువైట్ నుంచి పంపిన డబ్బుతో కొన్నదే. కానీ ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సినది) ఉన్న ఆడవాళ్లు అక్కడ ఇంటి పనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. ప్రైవేటు ఏజెంటు వాళ్లను పంపకూడదు, ఆ పని ప్రభుత్వ సంస్థలది. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో క్లియరెన్స్ కావాలి. విజిట్ వీసా ఇస్తున్నాడంటే ఇవన్నీ తప్పించుకోడానికే. “అక్కడికెళ్లాక మార్పించేస్తా” అంటాడు, నమ్మకండి. ఎయిర్‌పోర్టు దాకా వెళ్లాక ప్రింటు చూసుకున్నా సరే, విమానం ఎక్కొద్దు. టికెట్ డబ్బులు పోతాయని అరుస్తాడు, అరవనివ్వండి.